తిప్ప తగిలితే తిప్పలే!
నీరు తీసినవేళ తెరచాప పడవకు తెలియవలసిన లెక్కలు

ఇబ్రహీంపట్నం: సాయంత్రం నీటిపై తేలుతున్న పడవను ఒడ్డున కట్టి ఇంటికి వెళ్తారు. తెల్లవారి వచ్చి చూస్తే అది ఇసుకపై ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. నిన్నటిదాకా కనిపించని తిప్ప నది నడుమ తేలుతుంది. నదినే నమ్ముకున్నవారికి ఇటువంటి ఉదయాలు కొత్త కాదు. అయితే అందరినీ వేధించే ప్రశ్న ఒకటే. పోయిన నీరు మళ్లీ ఎప్పుడు వస్తుంది?

హంసలదీవి వద్దనో, మచిలీపట్నం వద్దనో ఇదే ప్రశ్న అడిగితే ఆరేడు గంటల్లో వస్తుందని చెప్పవచ్చు. అక్కడ నీటిని నడిపేది చంద్రుడు. ఇబ్రహీంపట్నంలో ఆ మాట చెల్లదు. సముద్రపు పోటు ఇక్కడిదాకా రాదు. ఇక్కడ నీటిని నడిపేది ప్రకాశం బ్యారేజీ. ఒకచోట పనికొచ్చిన ఉపాయం మరోచోట ప్రమాదం కావడానికి కారణం ఈ తేడాయే. నది మీద నేర్చుకున్నవారు సముద్రపు మొగకు వెళ్లినా, తీరంలో నేర్చుకున్నవారు నదికి వచ్చినా ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఇది.

ఇక్కడ గేట్ల లెక్క

విజయవాడ వద్ద కృష్ణపై 1852-55 సంవత్సరాల మధ్య ఆనకట్ట నిర్మించారు. 1952 వరదల్లో అది దెబ్బతినడంతో దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పూర్తి నీటిమట్టం 12 అడుగులు ఉన్నప్పుడు బ్యారేజీ ఎగువన నిలిచే నీరు 3.07 టీఎంసీలు మాత్రమే. ఎగువనున్న పులిచింతల జలాశయం సామర్థ్యమైన 45.77 టీఎంసీలతో పోలిస్తే ఇది చాలా చిన్న నిల్వ. తూర్పు, పశ్చిమ డెల్టా కాలువలు, విజయవాడ నగర తాగునీరు, ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం అన్నీ ఈ నీటిపైనే ఆధారపడ్డాయి.

చిన్న నిల్వ కనుక నీటిమట్టం త్వరగా మారుతుంది. వచ్చే నీటికన్నా పోయే నీరు పది వేల క్యూసెక్కులు ఎక్కువగా ఉంటే, ఒక్క రోజులో 0.86 టీఎంసీలు తగ్గిపోతాయి. అంటే నిల్వలో నాలుగో వంతుకు పైగా ఖాళీ అయినట్లే. వరద రాకను ముందుగా గుర్తించి గేట్లు ఎత్తినప్పుడు ఈ తగ్గుదల మరింత వేగంగా ఉంటుంది. వేసవిలో ఎగువ నుంచి రాక సన్నగిల్లి, కాలువలకు వాడకం కొనసాగితే నీరు రోజురోజుకూ తీస్తుంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలు పోలవరం కుడి కాలువ మీదుగా ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద కృష్ణలో కలుస్తున్నాయి. ఆ నీరు వస్తున్నంతకాలం ఇక్కడ మట్టం నిలకడగా ఉండేందుకు వీలుంటుంది. పంపులు ఆగితే ఆ ఆసరా ఉండదు.

ఒక అడుగు నీరు తగ్గితే పడవకు ఒక అడుగు లోతు తగ్గినట్లే. తిప్పల అంచులో మార్పు అంతకన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ప్రతి వంద అడుగులకు ఒక అడుగు చొప్పున వాలిన ఇసుక మేటపై నీరు ఒక అడుగు తగ్గితే, నీటి అంచు వంద అడుగులు వెనక్కి పోతుంది. నిన్న పడవ నడిచిన దారి నేడు కాలినడక దారి కావడంలో వింత లేదు.

సంగమంలో తిథుల లెక్క

సముద్రం పొంగి రావడం పోటు, వెనక్కి తీయడం ఆటు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకు, మరుసటి పోటుకు మధ్య 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది. అందువల్ల ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పాత లెక్కలో చెప్పాలంటే రోజుకు రెండు ఘడియల ఆలస్యం. పంచాంగంలో తిథి చూసి పోటు వేళ చెప్పే పెద్దల లెక్కకు ఆధారం ఇదే.

అమావాస్య, పౌర్ణమి వేళల్లో సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలోకి రావడంతో పోటు ఎక్కువగా పొంగుతుంది, ఆటు ఎక్కువగా తీస్తుంది. అష్టమి ప్రాంతంలో రెండూ మందగిస్తాయి. ఈ ప్రభావం తిథి నాటికన్నా ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కనిపించడం సహజం. మన తీరంలో పెద్ద పోటుకు, పెద్ద ఆటుకు మధ్య తేడా సుమారు మీటరు నుంచి మీటరున్నర వరకు ఉంటుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో ఈ తేడా పది మీటర్లు దాటుతుంది. దానితో పోలిస్తే మనది చిన్నదే. అయినా అడుగున్నర నీటిలో నడిచే పడవకు మీటరు తేడా ప్రాణాంతకమే.

ఇందులో రుతువుల పాత్ర కూడా ఉంది. బంగాళాఖాతం సగటు నీటిమట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో అది మార్చి, ఏప్రిల్ నెలల ప్రాంతంలో తక్కువగాను, అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగాను ఉంటుంది. అందుచేత ఫాల్గుణ, చైత్ర మాసాల్లో అమావాస్య, పౌర్ణములకు వచ్చే ఆటు కార్తికంలోని ఆటుకన్నా లోతుగా తీస్తుంది. నదిలోనూ నీరు సన్నగిల్లే కాలం అదే. కార్తికంలో సాఫీగా దాటిన మొగను చైత్రంలో అదే ధీమాతో దాటబోతే పడవ మేటపై కూర్చుంటుంది.

సముద్రం నుంచి మచిలీపట్నంలోని గిలకలదిండి రేవుకు చేరే దారిలో మొగ వద్ద మేట వేయడం, పడవలు పోటు కోసం వేచి ఉండడం ఏళ్ల తరబడి మత్స్యకారులను వేధిస్తున్న సమస్య. ఈ తీరం లోతు తక్కువదనడానికి చరిత్రే సాక్ష్యం. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకం మొదలుపెట్టిన కాలంలోనూ పెద్ద ఓడలు రేవులోకి రాలేక దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి. సరుకును చిన్న పడవలు ఒడ్డుకు చేర్చేవి. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి చేసిన మసూలా పడవలు ఈ పనికి పేరుపొందాయి. మేకులతో బిగించిన పడవ ఇసుకకు తగిలితే పగులుతుంది. కుట్టిన పడవ మాత్రం దెబ్బకు వంగి నిలుస్తుంది.

గంట గంటకూ ఎంత తీస్తుంది?

ఆటు ఆరు గంటలపాటు ఒకే వేగంతో సాగదు. దీనికి నావికులు వాడే సులువైన లెక్క ఒకటుంది. మొత్తం తేడాను 12 భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒక భాగం నీరు తగ్గుతుంది. మొత్తం తేడా 120 సెంటీమీటర్లు అనుకుంటే వరుసగా 10, 20, 30, 30, 20, 10 సెంటీమీటర్లు. ఇది అంచనా మాత్రమే. పాయల్లోకి పోయేకొద్దీ వేళలు, ఎత్తులు మారుతాయి.

ఈ లెక్కలో అసలు పాఠం మధ్య గంటలది. గంటకు 30 సెంటీమీటర్లంటే పది నిమిషాలకు అయిదు సెంటీమీటర్లు, అంటే రెండు అంగుళాలు. మేట తగిలాక ఏం చేయాలా అని పది నిమిషాలు వాదించుకుంటే రెండు అంగుళాల నీరు పోతుంది. మొదటి నిమిషంలో ఇద్దరు నెడితే కదిలే పడవ ఆ తరువాత పది మంది నెట్టినా కదలదు.

అందుకే పోటు ఎక్కుతున్నప్పుడే లోతు తెలియని చోటికి వెళ్లాలని, నీరు తీస్తున్నప్పుడు వెళ్లరాదని అనుభవజ్ఞులు నియమంగా పెట్టుకుంటారు. పోటులో మేట తగిలితే కాసేపట్లో నీరే పడవను లేపుతుంది. ఆటులో తగిలితే తదుపరి పోటు దాకా అక్కడే ఉండాలి. పెద్ద పోటు చివరలో తగిలితే మరీ కష్టం. తరువాతి పోట్లు అంత ఎత్తుకు రాకపోతే వచ్చే అమావాస్యకో, పౌర్ణమికో గానీ పడవ తేలకపోవచ్చు.

ఇబ్రహీంపట్నం వద్ద ఈ నియమంలో సగమే పనిచేస్తుంది. నీరు తీస్తున్నప్పుడు తిప్పల జోలికి పోకూడదన్నది ఇక్కడా నిజమే. ఆరు గంటలు ఓపిక పడితే నీరు వస్తుందన్నది మాత్రం నిజం కాదు. ఎగువ నుంచి నీరు వదిలేదాకా, లేదా గేట్లు దించేదాకా పడవ రోజుల తరబడి ఇసుకపైనే ఉండవచ్చు. నీరు తీస్తోందా, ఎక్కుతోందా తెలుసుకునేందుకు పెద్ద పరికరాలేవీ అక్కరలేదు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి గంట తరువాత చూస్తే చాలు.

బరువు కూడా లోతే

అడుగు చదునుగా ఉండే నాటు పడవ తక్కువ నీటిలో తేలుతుంది. అడుగున నిలువుగా వెన్నుదూలం ఉన్న తెరచాప పడవకు ఎక్కువ లోతు కావాలి. గాలికి పక్కకు కొట్టుకుపోకుండా దించే పలక, చుక్కాని కూడా అడుగును తాకుతాయి. లోతు తక్కువ చోట వీటిని పైకి లాగే వీలుండాలి.

బరువు లెక్క చాలామంది మరిచిపోతారు. ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పడవలో 60 కిలోల మనిషి ఎక్కితే అది సుమారు ఒక సెంటీమీటరు మునుగుతుంది. పది మంది ఎక్కితే సుమారు నాలుగు అంగుళాలు దిగుతుంది. అంటే ఖాళీగా దాటిన దారిలో నిండు పడవ తగులుకోవచ్చు. పైగా పడవ అంచుకు, నీటికి మధ్య ఎత్తు కూడా అంతే తగ్గుతుంది. 2017 నవంబరు 12న పవిత్ర సంగమం సమీపంలో పర్యాటకుల పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. పరిమితికి మించి ఎక్కించడం, లైఫ్ జాకెట్లు లేకపోవడం అప్పట్లో చర్చకు వచ్చాయి. లోతు తక్కువ నది కదా అన్న ధీమా ఎంత ప్రమాదకరమో ఆ కార్తిక ఆదివారం చాటింది.

నీటిని చదవడం

బయలుదేరే ముందు పడవ అడుగు నీటిలో ఎంత లోతుకు దిగుతుందో కొలవాలి. గడకర్రకు అడుగుకొక రంగు గీత వేసుకుంటే నడిపేవారు ప్రతిసారీ వంగి చూడనక్కరలేదు. గడ వేసిన ప్రతిసారీ లోతు తెలుస్తుంది. చుట్టూ అలలు పెద్దగా ఉండి ఒకచోట మాత్రం సన్నని ముడతలు కనిపిస్తే అక్కడ మేట ఉండవచ్చు. కొంగలు కాళ్లపై నిలిచిన చోట లోతు లేనట్లే. నది మలుపుల్లో బయటి ఒడ్డు వైపు లోతు, లోపలి ఒడ్డు వైపు ఇసుక ఉండడం సామాన్య నియమం. ఎదురెండలో నీటి అడుగు కనిపించదు కనుక ఆ వేళ వేగం తగ్గించాలి. మొగల వద్ద ఆటు ప్రవాహానికి ఎదురుగాలి తోడైతే అలలు విరిగి లేస్తాయి. లోతు చాలినా ఆ వేళ మొగ దాటరాదు.

తగులుకున్నాక ఏం చేయాలి?

ముందుగా గాలి ఎటు వీస్తోందో చూడాలి. గాలి మేట వైపు నెడుతుంటే తెరచాప వెంటనే దించాలి. లేకుంటే అది పడవను మరింత పైకి ఎక్కిస్తుంది. ముందు భాగం తగిలితే మనుషులు వెనక్కి జరగాలి. చుక్కాని, పలక పైకి తీసి, వచ్చిన దారినే గడతో వెనక్కి నెట్టాలి. ముందుకు దూకించే ప్రయత్నం మంచిది కాదు. వెనుక లోతు ఉందని తెలుసు, ముందు ఏముందో తెలియదు.

కదలకపోతే లంగరును లోతు నీటి వైపు తీసుకెళ్లి వేసి, తాడు లాగి పడవను రప్పించాలి. వెన్నుదూలం ఉన్న పడవను ఒక పక్కకు ఒరిగిస్తే అడుగు లోతు తగ్గి బయటపడుతుంది. చదును పడవను మాత్రం ఒరిగించరాదు. దాని అంచు మరింత దిగి లోతు పెరుగుతుంది.

అప్పటికీ రాకపోతే ఆగిపోవడమే మేలు. సముద్రపు పాయల్లో పడవ మేట ఎత్తుగా ఉన్న వైపుకు ఒరిగేలా చూడాలి. లోతు వైపు ఒరిగితే తిరిగి వచ్చే పోటు తేలకముందే లోపలికి చేరుతుంది. లంగరు లోతు వైపు ఉంచి, లోపలి నీరు తోడి పోటు కోసం వేచి ఉండాలి. ఒడ్డు దగ్గరగానే ఉంది కదా అని దిగి నడవడం ప్రాణాల మీదికి తెస్తుంది. మడ అడవుల వద్ద బురద నడుములోతు దించుతుంది. పోటు తిరిగినప్పుడు మేటకు, ఒడ్డుకు మధ్యనున్న పల్లపు పాయలే ముందుగా నిండుతాయి. వెనుదిరిగి చూసేసరికి రెండు వైపులా నీరే.

కృష్ణలో మరో ముప్పు ఇసుక తవ్వకాల గుంతలు. మోకాలి లోతు మేట పక్కనే నిలువెత్తు గుంత ఉండవచ్చు. పడవ నెట్టేందుకు దిగేవారు నడుముకు తాడు కట్టుకుని, గడతో ముందు అడుగు చూసుకుంటూ నడవాలి.

కట్టేసిన పడవకూ ముప్పే

ఘాట్ మెట్లకు బిగించి కట్టిన పడవ నీరు తగ్గితే మెట్టు అంచుపై కూర్చుని బోల్తా పడుతుంది. తాడు మరీ పొట్టిదైతే వేలాడుతుంది. నీరు తగ్గినా, పెరిగినా సరిపడేలా తాడు పొడవు ఉంచి, ముందు, వెనుక రెండు చోట్ల కట్టాలి. ఇసుకపై ఉన్న పడవను ఇక కదలదులే అని వదిలేయడం కూడా పొరపాటే. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బ్యారేజీ చరిత్రలో ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్లను ఢీకొన్నాయి. వాటిని తొలగించడానికి రోజుల తరబడి శ్రమించవలసి వచ్చింది. నీరు తగ్గిన రోజే వరద తాడు కట్టుకోవాలన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం.

మట్టం నిలపడమే పరిష్కారం

తక్కువ నీటితో పడవల పోరు ఇంజినీర్లకు కొత్తది కాదు. డెల్టా కాలువలపై కట్టిన లాకులు అందుకోసమే. రెండు తలుపుల మధ్య పడవను నిలిపి, నీరు నింపి లేదా వదిలి, ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చేవారు. విజయవాడ నుంచి కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం చేరి, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా తెరచాప పడవలు సాగిన రోజులున్నాయి. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ మనుషులు తాడుతో లాగేవారు.

ఆ దారిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ముక్త్యాల, విజయవాడల మధ్య 82 కిలోమీటర్ల తొలి దశ పనులకు 2017 అక్టోబరు 3న అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు శంకుస్థాపన చేశారు. ఇబ్రహీంపట్నం ఈ దారిలోనిదే. మేటలు తవ్వి లోతు నిలపడం అందులో ముఖ్యమైన పని. అయితే ఏటా వరద తెచ్చే ఇసుక నిరుటి దారిని ఈ ఏడు ఉంచదు. తవ్విన దారిలోనూ గడ వేసి చూడక తప్పదు.

ఇవి మరువరాదు

* నదిలో అయితే ఆనాటి బ్యారేజీ నీటిమట్టం, గేట్ల సమాచారం తెలుసుకుని బయలుదేరాలి.

* తీరంలో అయితే భారత సర్వే సంస్థ ప్రచురించే ఆటుపోట్ల పట్టికలు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సూచనలు చూడాలి.

* తిరిగివచ్చే వేళకు నీరు ఎంత ఉంటుందో లెక్క వేయాలి. వెళ్లే వేళ లోతు చాలినంత మాత్రాన సరిపోదు.

* లైఫ్ జాకెట్, గడ, లంగరు, పొడవైన తాడు, నీరు తోడే పాత్ర, తాగునీరు, దీపం లేనిదే పడవ కదలరాదు. ఆటులో చిక్కితే రాత్రి అక్కడే గడపవలసి రావచ్చు.

* ఎటు వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లాలి.

* లెక్కలో లేని ఆటు కనిపిస్తే మేటపైకి గవ్వలు ఏరడానికి వెళ్లవద్దు. 2004 డిసెంబరు 26న థాయ్‌లాండ్ తీరంలో సునామీకి ముందు సముద్రం ఇలాగే వెనక్కి తీసింది. వేళ కాని వేళ సముద్రం తీస్తే పడవను వదిలి మెరకకు పరుగెత్తాలి.

పడవ మళ్లీ చేయించుకోవచ్చు. మేటపై నిలిచిన పడవను నీరే వచ్చి లేపుతుంది. ఆ నీరు సముద్రంలో గంటల్లో వస్తుందని, నదిలో రోజులు పట్టవచ్చని తెలిసి ఓపికతో వేచి ఉన్నవారే క్షేమంగా ఇల్లు చేరతారు.